మా అక్క మోకాళ్ళు, రాజమండ్రి వంతెన

మా అక్క కుడి మోకాలి గురించి ఖమ్మం డాక్టరు ఒక్కటే మాట అన్నాడు: "మార్చాలి." ఆ ఒక్క మాటను నేను మా అక్క దగ్గర ఫోన్లో, ఎదురుగా, ప్రార్థన అయ్యాక, అన్నం ముందు, అన్నం మధ్యలో కలిపి తొమ్మిది వేల సార్లు అని ఉంటాను. తొమ్మిది వేలసార్లూ ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. మూడు నెలల్లో నా నడుము రెండంగుళాలు పెరిగింది తప్ప ఆపరేషను ఒక్క అంగుళం ముందుకు జరగలేదు.

మా అక్క ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసింది. ములకలపల్లి అడవి అంచున ఉన్న గూడేలకు టీకాల డబ్బా ఎడమ భుజానికి తగిలించుకుని నడిచే వెళ్ళేది. నా అంచనా ప్రకారం ఆమె నడిచిన దూరం భూమి చుట్టూ నాలుగుసార్లు, చంద్రుడికి ఒకసారి, తిరుగు ప్రయాణంతో సహా. రిటైరయ్యాక, మా బావ పోయాక, భద్రాచలంలో కరకట్ట పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఆ వేసవిలో కరకట్ట మెట్ల మీద మోకాలు ఉన్నట్టుండి మొరాయించి పడిపోయింది. పాలాయన వచ్చేదాకా గంటసేపు అక్కడే ఉండిపోయింది. ఫోను కొంగులోనే ఉంది.

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదక్కా?" అన్నాను.

"ఆకాశం మంచిగుండెరా. చూస్తున్న" అంది.

నేను ఏ సంగతినైనా పదింతలు చేసి చెప్పే మనిషిని. మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ గంటను నేను ఎప్పుడూ పెంచి చెప్పలేదు. అది గంటే. నాకు అది చాలా పెద్దది.

పడిన వారానికే ఆమె పంతం పట్టింది. రోజూ పొద్దున గోదావరి వారధి మీద సారపాక దాకా పోయి రావడం మొదలుపెట్టింది. వచ్చాక నాకు ఫోను.

"పోయొచ్చిన. ఇగ చెప్పు, ఏంది మార్చేది?"

ఒకరోజు నా నోరు ఊరుకోలేదు. "అదేం గొప్ప అక్కా! మన వారధి రెండు దగ్గులు దగ్గితే అయిపోతది. రాజమండ్రిల రోడ్డు కం రైలు బ్రిడ్జి ఉంది చూడు, నాలుగు కిలోమీటర్ల పైన. అది నడిస్తే నేను నోరు మూసుకుంట."

అవతలి నుంచి మా అక్క గొంతు, టీకాలు వేసేటప్పుడు తల్లులతో మాట్లాడే గొంతు, చల్లగా వచ్చింది.

"ఎన్నడు పోదాం?"

ఒప్పందం ఫోన్లోనే ఖరారైంది. ఆ వంతెన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆమె ఎక్కడా కూర్చోకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిస్తే, వచ్చే క్రిస్మస్ దాకా మోకాలు అనే మాట నా నోట రాకూడదు. ఒక్కసారి కూర్చున్నా సరే, మర్నాడే ఖమ్మం పోయి ఆపరేషను తేదీ తీసుకోవాలి. ఇద్దరం బైబిలు మీద చెయ్యి పెట్టలేదు గానీ, పెట్టినంత పనీ చేశాం.

ఇక్కడ నా కుట్ర చెప్పాలి. నేను మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటును. ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళను అలసిపోయేలా తిప్పడం నా వృత్తి. ఒక ఫైలును ఏడు టేబుళ్ళ మీదుగా తిప్పితే ఎంతటి దరఖాస్తుదారుడైనా ఇంటికి పోతాడు. అదే పద్ధతి మోకాలికి వాడదామనుకున్నాను. వంతెన ఎక్కే ముందు రాజమండ్రిలో చూడదగ్గవన్నీ చూపించాలి. పాత వంతెన, ఆనకట్ట, మ్యూజియం, పార్కు, ఘాట్లు. ఒక్క మెట్టు వదలకూడదు. సాయంత్రానికి వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆమే "తమ్మీ, కూసుంట" అనాలి. ఇది మోసమే. కానీ పాలాయన ప్రతిసారీ సమయానికి వస్తాడని నమ్మకం ఏముంది?

జూలై మొదట్లో భద్రాచలంలో బస్సెక్కాం. చింతూరు దాటి, మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీద బస్సు నాలుగువందల మలుపులు తిరిగింది. నా కడుపు నాలుగువందల ఒకటి తిరిగింది. మా అక్క కిటికీ పక్కన కూర్చుని ఉడికించిన పల్లీలు తింటూ, "గా చెట్టు చూడు, గీ వాగు చూడు" అని నాకే అడవి చూపించింది. రాజమండ్రిలో దిగేసరికి నేను ఉతికిన బట్టలా ఉన్నాను. ఆమె ఇస్త్రీ చీరలా ఉంది. ఆ రాత్రికి లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే ఒక ఆటో మాట్లాడాను. డ్రైవరు మా వయసువాడే, గోదావరి జిల్లా మర్యాద నోరంతా నింపుకున్న మనిషి.

"ఏయే చోట్లకండి?"

"మెట్లున్న ప్రతి చోటుకి" అన్నాను మెల్లగా.

మొదట పాత రైలు వంతెన. వందేళ్ళు రైళ్ళను మోసి, ఇప్పుడు పింఛను తీసుకుంటున్న ముసలి వంతెన. నది మీద రాతి స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. రైళ్ళు రావు. మా అక్క చాలాసేపు దాన్నే చూసింది.

"పని లేకపోయినా నిలబడ్డది చూడు" అంది.

"దాని మోకాళ్ళు రాయి అక్కా."

"మాట్లాడినవు. ఇయ్యాల మోకాలు మాట రావద్దు. ఇంకోసారంటే బ్రిడ్జి నడవకముందే నేను గెలిచినట్టు."

తర్వాత ధవళేశ్వరం. ఆనకట్ట కట్టించిన తెల్లదొర మ్యూజియంలో పాత యంత్రాలు, నమూనాలు ఉన్నాయి. నేను కావాలని ప్రతి బోర్డు దగ్గరా ఆగి, ప్రతి అక్షరం చదివాను. నిలబడటం నడవడం కన్నా కష్టమని ఎక్కడో చదివాను. మూడో బోర్డు దగ్గర నాకే నడుం నొప్పి పుట్టింది. అయిదో బోర్డు దగ్గర గోడకు ఆనుకున్నాను. మా అక్క తోట మధ్యలో నిలబడి తోటమాలితో మందార కొమ్మ నాటే పద్ధతి మాట్లాడుతోంది. రుమాలులో రెండు కొమ్మలు తడిబట్ట చుట్టి పెట్టించుకుంది కూడా.

అక్కణ్ణుంచి ఊళ్ళో చెరువు పక్క పార్కు. నాలుగు చుట్లు తిప్పాలని నా ప్రణాళిక. మొదటి చుట్టులో ఆమె ముందు, నేను వెనక. రెండో చుట్టులో ఆమె నా వెనక నుంచి వచ్చింది, అంటే నన్ను ఒక చుట్టు దాటేసింది. ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది. సగం చుట్టే దాటింది. నేను సిమెంటు బెంచీ మీద కూలబడి గట్టు మీది ఏనుగు బొమ్మతో పాటు చెరువును చూశాను. బెంచీ పక్కన నిలబడి ఆమె నా మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళు పిల్లల కళ్ళు, గోళ్ళు, నాలుకలు చూసిన కళ్ళు అవి.

"గిన్ని చెమటలేందిరా నీకు? ఎన్నడన్న షుగరు చూపించుకున్నవా?"

"ఎండ అక్కా."

"మబ్బు పట్టి ఉంది."

నేను మాట మార్చి, ఆటో పిలిచాను.

కోటిలింగాల ఘాటు దగ్గర నా కుట్ర పరాకాష్ఠకు చేరాల్సింది. పొడుగాటి ఘాటు, లెక్కలేనన్ని మెట్లు. "కాళ్ళు కడుక్కుందాం రా" అని కిందిదాకా దించాను. ఈ ప్రయాణం కోసమే కొన్న నా కొత్త బూట్లు, తెల్లవి, గాలి దూరే అడుగులవి, వాటిని విప్పి మేజోళ్ళు లోపల కుక్కి, నీటికి మూడు మెట్ల పైన పెట్టాను. నిజం చెప్పాలంటే ఒక మెట్టు పైన. అక్క నీళ్ళ వైపు చూసింది.

"పైన పెట్టుకో. నీళ్ళు రంగు మారినయి. పుల్లలు కొట్టుకొస్తున్నయి చూడు."

నాకు నవ్వొచ్చింది. గోదావరి గురించి నాకు చెప్పడమా! ప్రతి వానాకాలం నన్ను భద్రాచలం వరద కంట్రోల్ రూముకు డ్యూటీ వేస్తారు. గంటగంటకూ నీటిమట్టం రాసేది నేను. నలభై మూడు అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకి మూడోది. నా పెళ్ళిరోజు మరిచిపోతాను గానీ ఆ మూడు అంకెలు మరిచిపోను. మా వైపు పసిపిల్లలు కూడా ఒకట్లు నేర్చుకోకముందే నలభై మూడు నేర్చుకుంటారు.

అక్క తన చెప్పులు చేత్తో పట్టుకునే ఎక్కింది. ఇద్దరం పైన టీ కొట్టుకు వెళ్ళాం. అక్కడ ఒకావిడ టీ పోస్తోంది. మా డ్రైవరూ ఇంకో నలుగురూ బెంచీ మీద కూర్చుని నది సంగతే మాట్లాడుకుంటున్నారు.

"పదిన్నర దాటిందంటండి బ్యారేజీ దగ్గర" అన్నాడు డ్రైవరు.

"పదిన్నర అడుగులా!" అన్నాను. ఆ 'ఆ' మీద ఎంత వెటకారం పెట్టానంటే టీ గ్లాసులో అల వచ్చింది. "మా భద్రాచలంలో నలభై మూడు వస్తేగానీ మేం గొడుగు కూడా తియ్యమండి. పదిన్నర అడుగులంటే మా దగ్గర ఇసుకలో క్రికెట్ ఆడుకుంటారు. నేను కంట్రోల్ రూములో పన్నెండేళ్ళ నుంచి..."

బెంచీ మీద నలుగురూ నన్ను గౌరవంగా చూశారు. నేను ఆ గౌరవాన్ని కాసేపు ఆస్వాదించి, రెండో టీ చెప్పి, ఒకనాటి వరదలో నేను ఒంటిచేత్తో ఎలా ఒక ఊరిని ఖాళీ చేయించానో చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి నేను ఫోను చేశాను, ఊరు తనే ఖాళీ అయింది. కథలో పడవ ఎక్కేసరికి అక్క నెమ్మదిగా అంది:

"తమ్మీ, ఏందో తెల్లగ పోతుంది చూడు."

చూశాను. నా ఎడమ బూటు, మేజోడు సహా, ఎంతో హుందాగా దక్షిణ దిశగా ప్రయాణమైంది. కుడిది దాని వెనకే, కాస్త బద్ధకంగా. మెట్లు పరుగెత్తి దిగాను. బూట్లు పెట్టిన మెట్టు లేదు. దాని పై మెట్టు మీదా నీళ్ళు ఆడుతున్నాయి.

టీ పోసే ఆవిడ చెంగుతో నవ్వు కప్పుకుంది. "అయ్యో బాబుగారూ, ఇక్కడ లెక్క వేరండి. పదకొండూ ముప్పావుకే మాకు మొదటి హెచ్చరిక. మీ అడుగులు మీవి, మా అడుగులు మావి."

కంట్రోల్ రూములో పన్నెండేళ్ళు! నది ఒకటే, కొలబద్ద ఊరుకొకటి అని నాకు తెలియక కాదు. నలభై మూడు అనే అంకె తల్లోకి దూరాక ఇంకే అంకె అయినా చిన్నదిగానే కనబడుతుంది. మా ఊరివాళ్ళం మాత్రమే చేయగల తప్పు అది. అక్క అంకెలేవీ చూడలేదు. నీళ్ళు చూసింది.

దగ్గర్లో ఉన్న కొట్టులో నా కాలికి సరిపడేవి లేవు. దొరికినవి నీలం రబ్బరు చెప్పులు, రెండు సైజులు చిన్నవి, పట్టీల మీద పసుపు పూలు. మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. అలా రోడ్డు కం రైలు వంతెన దగ్గరికి చేరాం. డ్రైవరును కొవ్వూరు వైపు చివర ఉండమని పంపించాను.

వంతెన కింద రైళ్ళు, పైన రోడ్డు. ఆ పై రోడ్డు అంచున నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనబడలేదు. మబ్బు, నీళ్ళు, ఇనుము. అక్క కొంగు నడుముకు దోపి, నీళ్ళ సీసా సంచిని ఎడమ భుజానికి తగిలించింది. ముప్పై ఏళ్ళు టీకాల డబ్బా వేలాడిన చోటే.

"దూరం చూడకు. ఒక స్తంభం చూడు, అక్కడిదాకా పో. అయినంక ఇంకోటి చూడు. గూడేలకు గట్లనే పోయిన."

ఆమె నడక మొదలైంది. గబగబా కాదు, ఆగకుండా. ప్రతి దీపస్తంభం దగ్గరా ఒక ఇల్లు గుర్తుచేసుకుంది. "ఇది సూది అంటె భయపడి వడ్ల గుమ్మిల దాక్కున్న పిల్ల ఇల్లు. ఇది నాకు జావ పోసిన ముసలమ్మ ఇల్లు. ఇది కుక్క ఎంటబడ్డ ఇల్లు, జల్దీ నడువు." నేను వెనక నడుస్తూ ఆమె కుడికాలే చూస్తున్నాను. మొదటి పది స్తంభాలదాకా నిటారుగా పడింది. తర్వాత అడుగుకొకసారి కొంచెం బయటికి వంగడం మొదలైంది. సగం దూరం వచ్చేసరికి ఆమె ఇళ్ళు చెప్పడం మానేసింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఇంకో పది అడుగుల్లో కూర్చుంటుంది, నేను గెలుస్తాను అనుకున్నాను. సంతోషం రావాలి కదా, రాలేదు.

సరిగ్గా అప్పుడే కింద రైలు వచ్చింది. వంతెన మొత్తం గిలక్కాయలా ఊగింది. ఆ ఊపుకు నా చెప్పు పట్టీ, పసుపు పువ్వుతో సహా, ఊడి వచ్చింది. చిన్న చెప్పులకు అరికాల్లో లేచిన బొబ్బ ఎప్పుడో పగిలి ఉంది. నొప్పికి కళ్ళు తిరిగి, అంచు గట్టు మీద కూలబడ్డాను. కూర్చుంది నేను.

అక్క కూర్చోలేదు. పక్కనే ఇనుప కమ్మి మీద అరచేయి ఆనించి నిలబడింది.

"కమ్మి పట్టుకున్న. మనిషి చెయ్యి కాదు. చూసినవు గద?"

"చూసిన."

"నీ ఇష్టమున్నంత సేపు కూసో. నాకు తొందర లేదు."

తల ఎత్తి చూశాను. ఆమె కుడి మోకాలు చీర కింద వణుకుతోంది. నడుస్తుంటే అంత వణకలేదు. నిలబడటం నడవడం కన్నా కష్టం. ఆ మాటను ఆయుధంగా వాడదామని పొద్దుణ్ణుంచి ఊరంతా తిప్పాను. ఇప్పుడు నేను కూర్చున్న ప్రతి నిమిషం ఆమె నిలబడాల్సిన నిమిషం. ఆమె మాత్రం నదిని చూస్తూ ఆకాశం బాగుందన్నట్టు నిలబడింది.

రెండో చెప్పు కూడా విప్పేసి లేచాను.

"నడువు అక్కా."

మిగతా సగం నేను ముందు నడిచాను. ఉత్త కాళ్ళతో, కుంటుతూ, స్తంభాలు గట్టిగా లెక్కపెడుతూ. ఆమె ఇళ్ళు నాకు తెలియవు కాబట్టి మా ఆఫీసు ఫైళ్ళ పేర్లు పెట్టాను. "ఇది ఆరేళ్ళుగా కదలని పట్టా ఫైలు. ఇది ఎలకలు తిన్న ఫైలు. ఇది నేనే పోగొట్టిన ఫైలు." వెనక నుంచి నవ్వు వినబడుతున్నంత సేపూ ఆమె నడుస్తున్నట్టు. ఒకచోట నవ్వు ఆగింది. వెనక్కి తిరిగే ధైర్యం లేక ఇంకా పెద్ద గొంతుతో, "ఇది కలెక్టరు గారు నన్ను పేరు పెట్టి తిట్టిన ఫైలు!" అన్నాను. చాలాసేపటికి "తిట్టాలె మరి" అని వినబడింది. నడిచాం. మోటారు సైకిళ్ళ వాళ్ళు మమ్మల్ని పాదయాత్రలో ఉన్న భక్తులనుకుని దారి ఇచ్చారు. ఒకాయన నాకు దణ్ణం కూడా పెట్టాడు.

కొవ్వూరు వైపు ఒడ్డు వచ్చింది. మా ఆటో కనిపించింది. ఆమె చివరి స్తంభాన్ని అరచేత్తో తట్టి, నా వైపు తిరిగింది.

"కూసున్ననా?"

"లేదు."

"చెయ్యి పట్టుకున్ననా?"

"లేదు."

"ఇగ నోరు?"

వేలు పెదవుల మీద పెట్టి చూపించాను. మాట ఇచ్చాను, ఓడిపోయాను. క్రిస్మస్ దాకా నోరు కట్టేసుకోవాల్సిందే. ఆ క్షణంలో నాకు ఒకటే భయం. కరకట్ట మెట్లు, పొద్దున, పాలాయన. ఆమెను గెలవనివ్వకుండా ఉండాల్సింది అనిపించింది. గెలిచినందుకు గర్వంగానూ ఉంది. ఆ రెండూ ఒకే ఛాతీలో పట్టవు, నాది ఎంత పెద్దదైనా.

డ్రైవరు దిగి వచ్చాడు. "అమ్మగారూ, మీరు మామూలు మనిషి కాదండి. ఎక్కండి, ఎక్కండి."

అక్క ఆటో దగ్గరికి వెళ్ళింది. మెట్టు అడుగు ఎత్తు కూడా లేదు. కుడికాలు ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, సంచి ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకుంది. అప్పుడు కూర్చుంది. నేను చూడనట్టు అటు తిరిగాను. కాసేపటికి నన్ను పిలిచింది.

"గా ఖమ్మం డాక్టర్ నంబరు నీ ఫోన్ల ఉంది గద. కలుపు."

నేను నోరు తెరవబోయి వేలు పెట్టుకున్నాను.

"నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడుత." ఫోను తీసుకుని, కలిసేలోగా నాతో అంది: "నడిచింది నేనురా. మోకాలు సగంలనే అయిపోయింది. నాకెరుక లేదనుకుంటున్నవా? నడవలేని దాన్ని తీస్కపోయినట్టు మీరంతా తీస్కపోతరని ఆగిన. ఇప్పుడు నేనే పోత."

అవతల ఫోను ఎత్తారు. ఆమె తన పేరు చెప్పింది, వయసు చెప్పింది, కుడి మోకాలు అంది. తర్వాత నా కాళ్ళ వైపు, పగిలిన బొబ్బ వైపు, పొద్దున పార్కు బెంచీ దగ్గర నా చెమటలను చూసినట్టే చూసింది.

"ఆగు బిడ్డా, రెండు పేర్లు రాస్కో. ఇంకోటి మా తమ్మునిది. షుగరు టెస్టు. అవ్, ఇంతదాకా ఎన్నడు చేయించుకోలె. దొంగ. ఏదో సాకు చెప్తడు. గురువారం ఇద్దరం వస్తం."

నేను గట్టిగా చేతులు ఊపాను. తల అడ్డంగా ఊపాను. నోరు మాత్రం తెరవలేకపోయాను, మాటంటే మాటే.

"ఊ అంటుండు" అని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.